కేబుల్ రికార్డింగ్ బాక్సుకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఆలస్యమైతే: ఇంట్లో చేయాల్సిన పనులు

రికార్డింగ్ ఉన్న కేబుల్ బాక్సు మొరాయిస్తే శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్కువగా వినిపించే జవాబు ఒక్కటే: ‘కొత్త సాఫ్ట్‌వేర్ వస్తాదండి, వచ్చాక అదే సర్దుకుంటాది.’ నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. సీరియల్ సగంలో ఆగిపోతూనే ఉంటుంది, పెట్టిన టైమర్ పనిచేయదు, రికార్డు చేసింది తెరిస్తే నల్లతెర వస్తుంది.

ఈ ఎదురుచూపులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కేబుల్ అప్‌డేట్ మీ ఇంటికొచ్చి తలుపు కొట్టదు. కంట్రోల్ రూం నుంచి కొన్ని రోజులపాటు వైరులో తిరుగుతూనే ఉంటుంది. ఆ వేళకు బాక్సు మేలుకుని ఉండాలి, సిగ్నల్ శుభ్రంగా ఉండాలి, అప్పుడే దొరుకుతుంది. రాత్రి పడుకునేముందు గోడ స్విచ్ కట్టేసే ఇళ్లలో అది వచ్చి వెళ్లిపోయిన సంగతి కూడా తెలియదు. అందుకే అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ముందు తేల్చుకోవాలి.

మొదటి పని: బాక్సు జాతకం రాసుకోవడం

రిమోట్‌లో మెనూ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్, ఎస్‌టీబీ స్టేటస్, అబౌట్, వీటిలో ఏదో ఒక పేరుతో ఒక పేజీ ఉంటుంది. అందులోంచి ఆరు వివరాలు కావాలి: మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, లోడర్ (బాక్సును మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం) వెర్షన్, బాక్సు సీరియల్ నంబరు, వీసీ (వ్యూయింగ్ కార్డు) నంబరు. ఫోన్‌తో ఫొటో తీయండి. ఫోన్ మారినా పోకుండా గోడ మీది క్యాలెండర్ వెనక తేదీ వేసి రాసిపెట్టండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే ఈ ఒక్క కాగితం సగం పని చేసిపెడుతుంది.

తర్వాత మీ వీధిలో అదే ఆపరేటర్ కనెక్షన్, అదే మోడల్ బాక్సు ఉన్న ఇంటికి వెళ్లి వాళ్ల పేజీ కూడా చూడండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. పైన డబ్బా ఒకలాగే ఉన్నా లోపలి చిప్ వేరే కావచ్చు. ఒకే మోడల్‌లో తొలి విడత ఒక చిప్‌తో, తర్వాతి విడత మరో చిప్‌తో వస్తుంటాయి. ఆ తేడా హార్డ్‌వేర్ వెర్షన్‌లోనే కనిపిస్తుంది. అది కలిస్తేనే పోల్చి చూడండి.

హార్డ్‌వేర్ వెర్షన్ ఒకటే అయి, వాళ్ల సాఫ్ట్‌వేర్ అంకె మీదానికన్నా పెద్దదైతే లోపం మీ ఇంట్లోనో, మీ ఇంటికొచ్చే వైరులోనో ఉండొచ్చు, లేదా మీ సీరియల్ నంబరు వంతు ఇంకా రాకపోయి ఉండొచ్చు. ఇద్దరిదీ ఒకటే పాత అంకె అయితే అప్‌డేట్ ఇంకా వదల్లేదు, లేదా మీ ప్రాంతం వంతు రాలేదు. ఈ రెండింటికీ చేయాల్సిన పనులు వేరు.

మూడో పరిస్థితి కూడా ఉంది, అది చెప్పడానికి బాధగానే ఉంటుంది. కేబుల్ డిజిటలైజేషన్‌లో మూడో దశ పట్టణాలకు 2015 డిసెంబరు 31, నాలుగో దశ పల్లెలకు 2017 మార్చి 31 గడువులు. ఆ రోజుల్లో హడావుడిగా లక్షల బాక్సులు ఇళ్లకు చేరాయి. వాటిలో చాలావాటికి మెమరీ తక్కువ, కొత్త సాఫ్ట్‌వేర్ పట్టేంత చోటే ఉండదు. పైగా సెట్‌టాప్ బాక్సు చిప్‌లు చేసిన పెద్ద సంస్థల్లో ఒకటైన ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2016 జనవరిలోనే ప్రకటించింది. చిప్ చేసినవాళ్లే వదిలేశాక దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కు పెద్ద మరమ్మతులు రావడం కష్టం. మీ బాక్సు ఆ కాలం నాటిదై, సాఫ్ట్‌వేర్ తేదీ కూడా అప్పటిదే అయితే అప్‌డేట్ కోసం ఎదురుచూడకండి. బాక్సు మార్పించుకునే మాట మొదలుపెట్టండి. దాని సంగతి చివర్లో ఉంది.

ఎందుకు ఆలస్యమవుతుంది

ఆపరేటర్ అబ్బాయి మీద కోప్పడి లాభం లేదు. సాఫ్ట్‌వేర్ అతని చేతిలో ఉండదు. చిప్ కంపెనీ ఇచ్చిన కోడ్ మీద బాక్సు కంపెనీ సాఫ్ట్‌వేర్ కడుతుంది. ఛానళ్లకు తాళం వేసే వ్యవస్థ, అంటే కండిషనల్ యాక్సెస్, మరో కంపెనీది. కొత్త సాఫ్ట్‌వేర్ తన తాళాన్ని వదులు చేయలేదని ఆ కంపెనీ పరీక్షించి ఒప్పుకోవాలి. ఆపైన ఎంఎస్‌వో, అంటే సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ, తన ల్యాబ్‌లో చూస్తుంది. తర్వాత కొద్ది బాక్సులకు వదిలి కొన్నాళ్లు గమనిస్తుంది. అక్కడ ఒక్క లోపం బయటపడినా ఫైలు మళ్లీ మొదటికి వెళ్తుంది.

రికార్డింగ్ బాక్సుకు ఇది ఇంకా ఎక్కువ. మామూలు బాక్సు ఛానల్ చూపిస్తే చాలు. రికార్డింగ్ బాక్సు ఒకపక్క చూపిస్తూ, మరోపక్క డిస్కులో రాస్తూ, రాసినదానికి తాళం వేస్తూ, టైమర్ చూసుకుంటూ ఉండాలి. పాత సాఫ్ట్‌వేర్‌తో రాసిన రికార్డింగులు కొత్తదాంట్లోనూ తెరుచుకోవాలి. పరీక్షించాల్సింది ఎక్కువ, బాక్సుల సంఖ్య తక్కువ. అందుకే వరసలో చివర నిలబడేది ఎప్పుడూ ఇదే.

వదిలేటప్పుడు కూడా అందరికీ ఒక్కసారే వదలరు. సీరియల్ నంబర్ల వరస ప్రకారం విడతలుగా వదులుతారు. అందుకే విజయనగరం కంటోన్మెంటులో వచ్చింది బొబ్బిలిలో రాకపోవచ్చు. ఒకే వీధిలో ఎదురింటికి వచ్చి మీకు రెండు వారాలు పట్టొచ్చు.

ఆపరేటర్‌ని ఏం అడగాలి

‘అప్‌డేట్ ఎప్పుడొస్తాది?’ అంటే ‘వస్తాది’ అనే అంటాడు. ప్రశ్న మార్చి అడగండి: ‘తమ్ముడూ, మా బాక్సు హార్డ్‌వేర్ వెర్షన్ ఇది, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఇది. ఇప్పుడు కంట్రోల్ రూం నుంచి ఏ వెర్షన్ తిరుగుతోంది? మా సీరియల్ నంబరు ఆ వరసలో ఉందా? ఏ ఫ్రీక్వెన్సీ మీద వస్తోంది? వచ్చాక హార్డ్ డిస్క్ ఫార్మాట్ అవుతుందా?’ ఈ నాలుగూ వాట్సాప్‌లో ఫొటోతో పాటు పంపితే అతను అదే మెసేజ్‌ని పైకి పంపగలడు. నోటిమాటగా అడిగితే ఆ మాట అతని దగ్గరే ఆగిపోతుంది.

నాలుగో ప్రశ్న మరవకండి. డిస్క్ ఫార్మాట్ అయ్యే అప్‌డేట్ అయితే ముందు తెలియాలి, తర్వాత తెలిసి ఉపయోగం లేదు.

సిగ్నల్: ఎక్కువ ఇళ్లలో అసలు గొడవ ఇక్కడే

అప్‌డేట్ ఫైలు కేబుల్‌లో గుండ్రంగా తిరుగుతుంటుంది. చిన్న చిన్న ముక్కలుగా కోసి మొదటి ముక్క నుంచి చివరి ముక్క వరకు పంపి, మళ్లీ మొదటి నుంచి పంపుతారు. ఉదాహరణకు 32 ఎంబీ ఫైలును సెకనుకు 300 కిలోబిట్ల వేగంతో పంపితే ఒక చుట్టు పూర్తవడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్క ముక్క చెడినా ఆ ముక్క మళ్లీ వచ్చేదాకా, అంటే ఇంకో చుట్టంతా, బాక్సు ఆగాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఇంట్లో ప్రతి చుట్టులోనూ ఏదో ఒక ముక్క చెడుతుంది. కొంతసేపటికి బాక్సు విసిగి వదిలేస్తుంది. తెర మీద ‘డౌన్‌లోడ్ ఫెయిల్డ్’ అని కూడా రాకపోవచ్చు.

‘మా ఇంట్లో బొమ్మ బాగానే వస్తోంది కదా’ అనిపిస్తుంది. బొమ్మలో చిన్న తప్పు దొర్లితే కంటికి ఆనదు. ఫైలులో ఒక్క బిట్ తప్పినా ఫైలంతా పనికిరాదు. పైగా మీరు రోజూ చూసే ఛానళ్లు ఒక ఫ్రీక్వెన్సీలో, అప్‌డేట్ వేరే ఫ్రీక్వెన్సీలో ఉండొచ్చు. కేబుల్ పొడుగైనకొద్దీ పై ఫ్రీక్వెన్సీలే ముందు బలహీనపడతాయి. ఇళ్లకు వేసే ఆర్‌జీ-6 రకం కేబుల్ వైరు 100 మీటర్లు లాగితే 200 మెగాహెర్ట్జ్ దగ్గర 10 డీబీ (డెసిబెల్, సిగ్నల్ కొలత) వరకు పోతుంది, 860 దగ్గర 20 డీబీ వరకు పోతుంది.

మెనూలో సిగ్నల్ పేజీ తెరిచి, ఆపరేటర్ చెప్పిన ఫ్రీక్వెన్సీ దగ్గర అంకెలు చూడండి. కొన్ని బాక్సులు శాతంలో చూపిస్తాయి. శాతం చూసి తేల్చడం కష్టం, ఒక్కో కంపెనీ ఒక్కో లెక్క వేస్తుంది. డీబీ మైక్రోవోల్ట్‌లలో చూపిస్తే 50 నుంచి 65 మధ్య ఉండాలి. 256 క్వామ్ (సిగ్నల్‌లో సమాచారం కుక్కే పద్ధతి, 64 క్వామ్ కన్నా ఎక్కువ కుక్కుతుంది) వాడే చోట 55 దాటి ఉంటే మంచిది. సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే ఎంఈఆర్ అనే అంకె 64 క్వామ్‌కు 28 పైన, 256 క్వామ్‌కు 33 పైన ఉంటే నిశ్చింత. బాక్సు ఈ అంకెలు చూపించకపోతే మీటరు తెచ్చి మీ టీవీ దగ్గరి చివర్లో కొలవమని ఆపరేటర్‌ని అడగండి. మేడ మీద కొలిస్తే సరిపోదు.

అంకె తక్కువగా ఉంటే స్ప్లిటర్లు, అంటే ఒక వైరును రెండు మూడు దారులుగా చీల్చే డబ్బీలు, లెక్కపెట్టండి. రెండు దారుల స్ప్లిటర్ 4 డీబీ తింటుంది, నాలుగు దారులది 8 డీబీ వరకు తింటుంది. ఇంటికి 58తో వచ్చిన సిగ్నల్ నాలుగు దారుల స్ప్లిటర్‌లో 50 అవుతుంది. హాల్లో టీవీ వెనక ఇంకో రెండు దారులది ఉంటే 46కు పడిపోతుంది. బొమ్మ వస్తుంది, అప్‌డేట్ రాదు. రికార్డింగ్ బాక్సుకు ఇంటికొచ్చిన మొదటి స్ప్లిటర్ నుంచి నేరుగా ఒక వైరు లాగండి, మధ్యలో మరో స్ప్లిటర్ వద్దు. ఏ టీవీకీ తగిలించని దారి ఖాళీగా ఉంటే 75 ఓముల టెర్మినేటర్, అంటే ఆ దారిని మూసే చిన్న మూత, బిగించండి. లేకపోతే సిగ్నల్ అక్కడ కొట్టుకుని వెనక్కి వచ్చి ఎంఈఆర్ పాడుచేస్తుంది.

ఎక్కువైనా చెడే. పక్కింట్లోనో స్తంభం మీదో యాంప్లిఫయర్ ఉండి మీ అంకె 75 దాటిందంటే బాక్సు ట్యూనర్ తట్టుకోలేదు. సిగ్నల్ తగ్గించే 6 లేదా 10 డీబీ అటెన్యుయేటర్ ఒకటి మధ్యలో పెడితే చాలు. ‘సిగ్నల్ ఎక్కువుంటే మంచిదే కదా’ అని బూస్టర్ మీద బూస్టర్ పెట్టిన ఇళ్లలో ఈ తప్పు కనిపిస్తుంది.

తర్వాత కనెక్టర్లు. కళింగపట్నం, బారువ, భోగాపురం, పూసపాటిరేగ లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి వైరు చివర ఉండే ఎఫ్ కనెక్టర్లు తుప్పు పట్టడం మామూలే. విప్పి చూడండి. మధ్య రాగి తీగ ఆకుపచ్చగా గానీ నల్లగా గానీ మారితే గీకి మళ్లీ పెట్టకండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల వైరు కోసేసి కొత్త కనెక్టర్ వేయించండి. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. లోపలికి పోతే తగలదు, మరీ పొడుగైతే బాక్సు సాకెట్ పాడుచేస్తుంది. జాలీ తీగ ఒక్క పోగు కూడా మధ్య తీగకు తగలకూడదు. చేత్తో మెలితిప్పి పెట్టే కనెక్టర్ కన్నా కంప్రెషన్ టూల్‌తో నొక్కింది ఎన్నో రెట్లు నయం. బయట ఎండకూ వానకూ తగిలే జాయింట్‌కు మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టితే ఒక వానకాలం కూడా ఆగదు. సాగదీసి చుడితే తనకు తాను అతుక్కునే రబ్బరు టేపు వాడండి. జాయింట్‌కు ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పి పెడితే వాన నీరు అక్కడే కారిపోతుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో స్తంభాలతో పాటు కేబుల్ కూడా నేలకు ఒరిగింది. అలా తెగినచోట అతుకులేసి నడిపిస్తున్న పాత వైరు మీ ఇంటికొస్తుంటే అతుకుల సంఖ్య అడగండి. స్తంభం నుంచి మీ ఇంటి దాకా మధ్యలో రెండు కన్నా ఎక్కువ జాయింట్లుంటే మొత్తం వైరు మార్పించడమే చవక.

మీకు వచ్చేది ఫైబరైతే ఈ తిప్పలు తక్కువ. ఇంట్లో వైరు మిగిలిందని గట్టిగా చుట్టి మేకుకు తగిలించకుండా చూడండి. మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా చిన్న వంపులో వెలుగు బయటికి పోతుంది.

కరెంటు: ఆపాలా, ఉంచాలా

అప్‌డేట్ దిగేది ఎక్కువగా తెల్లవారుజామున, బాక్సు స్టాండ్‌బైలో ఉన్నప్పుడు. రిమోట్‌తో ఆపండి, గోడ స్విచ్ ఆన్‌లోనే ఉంచండి. బాక్సు మీద ఎర్ర దీపం వెలుగుతుండాలి. కరెంటు బిల్లు భయం వద్దు. స్టాండ్‌బైలో 10 వాట్లు తాగే బాక్సైనా రాత్రికి 8 గంటల చొప్పున నెలకు రెండున్నర యూనిట్ల లోపే.

కొన్ని బాక్సుల్లో ‘డీప్ స్టాండ్‌బై’, ‘ఎకో మోడ్’ అని ఉంటుంది. అది పెట్టి ఉంటే బాక్సు నిజంగా నిద్రపోతుంది, అప్‌డేట్ వెతకదు. ఎదురుచూసే రోజుల్లో దాన్ని ఆపేయండి. ‘ఆటో అప్‌డేట్’ ఆన్‌లో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. రాత్రి 2 నుంచి 5 మధ్య ఏ రికార్డింగూ పెట్టకండి, రికార్డింగ్ నడుస్తుండగా బాక్సు అప్‌డేట్ జోలికి వెళ్లదు.

ఉరుములున్న రాత్రి మాత్రం ఇదంతా పక్కన పెట్టండి. ప్లగ్గు పీకండి, కేబుల్ వైరు కూడా విప్పండి. పిడుగు కరెంటు వైరులోంచే కాదు, కేబుల్ వైరులోంచి కూడా వచ్చి బాక్సులను తినేస్తుంది. ప్లగ్గు మాత్రమే పీకి కేబుల్ వదిలేస్తే లాభం సగమే. అప్‌డేట్ ఒక రాత్రి పోయినా మర్నాడు మళ్లీ తిరుగుతుంది.

బాక్సును ఇన్వర్టర్ లైనుకు తగిలించడం అన్నిటికన్నా మంచి ఏర్పాటు. సాఫ్ట్‌వేర్‌ను చిప్‌లోకి రాసే రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోవడం కన్నా పెద్ద ప్రమాదం ఈ బాక్సుకు లేదు. మీ ఊళ్లో లైన్ క్లియర్, అంటే మరమ్మతులకు కరెంటు ఆపడం, ఎప్పుడుందో ఈపీడీసీఎల్ 1912కు ఫోన్ చేస్తే చెబుతారు. ఆ రోజు చేత్తో అప్‌డేట్ మొదలుపెట్టకండి.

రికార్డింగులు కాపాడుకోవడం

ఇది చాలామందిని ఏడిపించే విషయం, కాబట్టి సూటిగా చెప్పాలి. మీ డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉన్న రికార్డింగు ఆ ఒక్క బాక్సులోనే తెరుచుకుంటుంది. రాసేటప్పుడే బాక్సు తన తాళం వేస్తుంది. కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే ఫైలు వస్తుంది గానీ బొమ్మ రాదు. బాక్సు మారితే అవి పోయినట్టే. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా కొన్ని బాక్సుల్లో ఆ తాళంచెవి చెరిగిపోతుంది. అందుకే అప్‌డేట్ రాబోతోందని తెలిశాక తప్పక చూడాల్సినవి ముందే చూసేయండి. సిరిమానోత్సవం, అరసవల్లి రథసప్తమి ప్రత్యక్ష ప్రసారంలో మనవడు కనిపించాడనో, ఊరి భజన బృందం వచ్చిందనో దాచుకున్నవి ఉంటే ఆ ఛానల్ యూట్యూబ్ పేజీలో ఉన్నాయేమో వెతికి ఆ లింకు దాచుకోండి. పెద్దవాళ్లకు ఆ ఒక్క రికార్డింగే అపురూపం.

టైమర్ల జాబితా కూడా కాగితం మీద రాసుకోండి: ఏ ఛానల్ నంబరు, ఏ రోజు, ఎన్నింటికి. అప్‌డేట్ తర్వాత ఇవి చెరిగిపోవడం తరచూ జరుగుతుంది.

చోటు లెక్క ఇలా వేసుకోండి. సెకనుకు ఒక మెగాబిట్ అంటే గంటకు 0.45 జీబీ. మామూలు ఛానల్ 4 మెగాబిట్లతో వస్తే గంటకు 1.8 జీబీ, హెచ్‌డీ 8 మెగాబిట్లతో వస్తే 3.6 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో హెచ్‌డీ ఎనిమిది గంటలే. డిస్క్ నిండిపోవడం వల్ల ఆగిన రికార్డింగును సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని నెలలు ఎదురుచూసేవాళ్లున్నారు. ఎప్పుడూ అయిదో వంతు ఖాళీగా ఉంచండి. హెచ్‌డీ రికార్డింగు గంట దాటాక సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగుతోందంటే పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, దానికి ఒక్క ఫైలు హద్దు 4 జీబీ. బాక్సు మెనూలోంచే మళ్లీ ఫార్మాట్ చేయండి. అందులో ఉన్నవి పోతాయి, చూసేశాకే చేయండి.

బయటి హార్డ్ డిస్క్ వాడుతుంటే, ‘టిక్ టిక్’ మంటూ ఆగిపోతుంటే కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 సాకెట్ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి. ఇది కూడా ఏ అప్‌డేట్‌తోనూ పోయే జబ్బు కాదు.

వచ్చేలోగా నెట్టుకురావడం

గైడ్‌లో కార్యక్రమం మీద నొక్కి పెట్టే టైమర్ కన్నా చేత్తో గంటలు వేసి పెట్టే టైమర్ నమ్మకమైనది. గైడ్ సమాచారం ఆలస్యంగా మారితే బాక్సు పాత వేళనే నమ్ముతుంది. మొదలుకు 5 నిమిషాలు ముందు, చివరికి 15 నిమిషాలు తర్వాత పెట్టండి. ఆటలకైతే చివర ఒక గంట అదనంగా వేయండి. ఒకదాని వెనక ఒకటి రెండు టైమర్లు పెట్టేటప్పుడు ఈ అదనపు నిమిషాలు ఒకదాని మీద ఒకటి పడితే రెండోది రికార్డవదు. ఒకే ఛానల్ అయితే రెండూ కలిపి ఒకే పొడవాటి టైమర్‌గా పెట్టండి.

వారానికోసారి, ఆదివారం పొద్దున్నే అనుకోండి, బాక్సును ప్లగ్గు దగ్గర ఆపి నిమిషం ఆగి మళ్లీ వేయండి. రోజులు గడిచేకొద్దీ మెమరీ నిండి రిమోట్‌కు ఆలస్యంగా స్పందించే బాక్సులు దీనితో తేరుకుంటాయి. బాక్సు మీద గుడ్డ, దాని మీద పటం పెట్టకండి. చుట్టూ నాలుగు వేళ్ల మేర గాలి ఆడాలి. ఎండాకాలం మధ్యాహ్నమే రికార్డింగు ఆగుతోందంటే వేడే కారణం.

దిగే రాత్రి

తెర మీద శాతం కనిపిస్తుంది, లేదా బాక్సు ముందు అంకెలు తిరుగుతాయి. ముందు డౌన్‌లోడ్, తర్వాత సరిచూసుకోవడం, ఆపైన చిప్‌లో రాయడం, చివర్లో తనంతట తానే ఆగి మొదలవడం. మొత్తం మీద 10 నుంచి 40 నిమిషాలు. డౌన్‌లోడ్ వరకు కరెంటు పోయినా నష్టం లేదు, మళ్లీ మొదలవుతుంది. ‘రైటింగ్’, ‘అప్‌గ్రేడింగ్’ అని కనిపించాక మాత్రం రిమోట్ కూడా ముట్టకండి. ఇంట్లో పిల్లలకీ, పొద్దున్నే లేచి స్విచ్చులు కట్టే పెద్దలకీ ముందే చెప్పి, స్విచ్ బోర్డు మీద కాగితం అతికించండి.

లోగో దగ్గర అరగంట దాటి ఆగిపోతే ఫొటో తీసి, ప్లగ్గు పీకి, డిస్క్ లేదా పెన్‌డ్రైవ్ తీసేసి, రెండు నిమిషాల తర్వాత కేబుల్ వైరు మాత్రమే ఉంచి వేయండి. లోడర్ బాగుంటే బాక్సు తనే ఫైలును మళ్లీ వెతుక్కుంటుంది. ఒక గంట అలా వదిలేయండి. అప్పటికీ లేవకపోతే ఆపరేటర్‌కు అప్పగించాల్సిందే.

ఇంటర్నెట్‌లో దొరికిన ఫైలును పెన్‌డ్రైవ్‌తో ఎక్కించే ప్రయత్నం ఏ పరిస్థితిలోనూ చేయకండి. హార్డ్‌వేర్ వెర్షన్ ఒక్క అంకె తేడా ఉన్నా బాక్సు మళ్లీ లేవకపోవచ్చు. తాళం వ్యవస్థ దెబ్బతింటే ఛానళ్లు రావు. చాలా కనెక్షన్లలో బాక్సు అద్దెకిచ్చిందే, డబ్బు మీరు కట్టాలి.

మర్నాడు పొద్దున్న

ముందు సాఫ్ట్‌వేర్ అంకె చూసి తేదీతో రాసుకోండి. ఛానళ్లు రాకుండా ‘సబ్‌స్క్రైబ్ చేయలేదు’ అని వస్తే బాక్సును ఒక పే ఛానల్ మీద అరగంట ఉంచి, ఆపరేటర్‌ని రిఫ్రెష్ పంపమనండి. గడియారం తప్పకుండా చూడండి. బాక్సులకు వేళ ప్రపంచ కాలమానంలో వస్తుంది, దానికి అయిదున్నర గంటలు కలిపి మనకు చూపిస్తాయి. అప్‌డేట్‌తో ఆ సర్దుబాటు చెరిగితే రాత్రి 7:30 సీరియల్ గైడ్‌లో మధ్యాహ్నం 2:00కు కనిపిస్తుంది, టైమర్లన్నీ తప్పుతాయి. టైమ్ జోన్‌లో ప్లస్ 5:30 పెడితే సరి.

తర్వాత 5 నిమిషాల రికార్డింగు ఒకటి చేసి, వెనక్కి ముందుకు తిప్పి చూడండి. పాత రికార్డింగు ఒకటి తెరవండి. స్టాండ్‌బైలో పెట్టి పది నిమిషాల తర్వాతి టైమర్ ఒకటి పెట్టి, బాక్సు తనే లేస్తుందో లేదో చూడండి. ఎక్కువ తప్పులు బయటపడేది ఈ మూడో పరీక్షలోనే. ఇవన్నీ నెగ్గాకే కాగితం మీది టైమర్లు ఎక్కించండి. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను కోసం ఎదురుచూస్తుంటే ఆ ముందు వారం ఆటో అప్‌డేట్ ఆపి ఉంచడం మేలు. అక్టోబరు తుపాన్ల కాలం కూడా అదే.

ఎప్పుడు చాలించుకోవాలి

సిగ్నల్ అంకెలు బాగుండి, పది పదిహేను రాత్రులు స్టాండ్‌బైలో ఉంచి, అదే హార్డ్‌వేర్ వెర్షన్ ఉన్న పక్కింటికి వచ్చి మీకు రాకపోతే ఇక ఎదురుచూడటం అనవసరం. ఎంఎస్‌వో టోల్ ఫ్రీ నంబరుకు మీరే ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టించి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి. ఆ నంబరు లేని ఫిర్యాదు లెక్కలోకి రాదు. జవాబు రాకపోతే ఆ సంస్థ నోడల్ అధికారికి, ఫొటోలూ తేదీలూ జతచేసి రాతపూర్వకంగా పంపండి. వాళ్ల వివరాలు సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. టెలికం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే ఫలితం ఉండదు, ఒక్కొక్కరి ఫిర్యాదు అది విచారించదు.

బాక్సు మార్పించుకునేటప్పుడు కొత్త డబ్బాలో పెట్టి ఇచ్చినా, దాని హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అంకెలు మీ ముందే తెరిచి చూపించమనండి. కొత్తదిగా ఇచ్చేది మరమ్మతు చేసిన పాతది కావచ్చు. బిగించిన రోజే స్టాండ్‌బై టైమర్ పరీక్ష చేయించండి. బయటి హార్డ్ డిస్క్ మీదైతే విప్పి దగ్గర ఉంచుకోండి, కొత్త బాక్సు దాన్ని ఫార్మాట్ చేయమని అడుగుతుంది. పాత బాక్సు, అడాప్టర్, రిమోట్ తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు రాసిన రసీదు మీద సంతకం తీసుకోండి. కట్టిన డిపాజిట్ రసీదు ఉంటే అదీ అప్పుడే చూపించి, మిగిలిన సొమ్ము సంగతి ఆ కాగితం మీదే రాయించండి.